చలికాలంలో ఫ్యాను కింద అక్క

కిందటి డిసెంబరులో బెంగళూరు వెళ్లినప్పుడు మారతహళ్లిలో అక్క వాళ్లింట్లో ఉన్నాను. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి చూస్తే హాల్లో ఫ్యాను గిర్రున తిరుగుతోంది. కింద కుర్చీలో అక్క. నైటీ వీపంతా తడిసి ఒంటికి అంటుకుపోయింది. లోపల గదిలో బావగారు రెండు దుప్పట్లు కప్పుకుని పడుకున్నారు. దగ్గరికెళ్తే అక్క ఏడుస్తోంది. "ఎందుకో తెలీదే, ఊరికే వచ్చేస్తోంది" అంది.

అక్కకి 47. ఏడాదిగా నెలసరి ఒకసారి ఇరవై రోజులకే వస్తుంది, ఒకసారి రెండు నెలలైనా రాదు. పిల్లాడు టిఫిన్ బాక్సు మర్చిపోతే ఇల్లెగిరిపోయేలా అరిచి, పది నిమిషాలకి తనే కుమిలిపోతుంది. "ఈ మధ్య నీకు కోపం ఎక్కువైంది" అని ఇంట్లో అందరూ అన్నారు. నేనూ అన్నాను. అనకుండా ఉండాల్సింది.

వరసగా పన్నెండు నెలలు నెలసరి రాకపోతే ముట్లుడిగినట్టు లెక్క. మన దేశంలో అది సగటున 46, 47 ఏళ్లకే వస్తోంది, అమెరికాలో 51 దగ్గర. మనసు ఎక్కువగా అతలాకుతలమయ్యేది మాత్రం అంతకుముందు నడిచే పెరిమెనోపాజ్‌లో. అది చాలామందికి నాలుగేళ్లు, కొందరికి ఎనిమిదేళ్లు కూడా ఉంటుంది.

ఆ కాలంలో ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోన్ మెట్లు దిగినట్టు నెమ్మదిగా తగ్గుతుందనుకుంటాం. అలా తగ్గితే ఇంత ఇబ్బంది ఉండదేమో. అండాశయంలో అండాలు అయిపోవస్తుంటే, మెదడు కిందున్న పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్‌ని ఎక్కువగా పంపి దాన్ని తొందరపెడుతుంది. ఒక నెల అండాశయం అతిగా స్పందిస్తుంది, ఇంకో నెల పలకనే పలకదు. దాంతో ఈస్ట్రోజన్ ఈ వారం మామూలు కంటే పైకి ఎగిసి, వచ్చే వారం ఒక్కసారిగా పడిపోవచ్చు. 45 దాటినవాళ్లకి ఒక్కరోజు చేసిన హార్మోన్ పరీక్షతో పెద్దగా ఏమీ తేలదనేది ఇందుకే.

మనసుని నిలకడగా ఉంచే సెరటోనిన్ అనే మెదడు రసాయనం పనితీరు ఈస్ట్రోజన్ మీద ఆధారపడి ఉంటుంది. ఇది ఊగితే అదీ ఊగుతుంది. ప్రొజెస్టరాన్ అనే ఇంకో ఆడ హార్మోన్ సంగతి చాలామందికి తెలియదు. దాన్నుంచి తయారయ్యే అల్లోప్రెగ్ననలోన్ అనే పదార్థం మెదడులో టెన్షన్‌ని తగ్గించే గాబా వ్యవస్థకి బలమిస్తుంది. అండం విడుదల కాని నెలలో ప్రొజెస్టరాన్ దాదాపు ఉండదు కాబట్టి ఆ ఊరటా ఉండదు. టిఫిన్ బాక్సు అంత పెద్ద విషయమైపోవడానికి అదీ ఒక కారణం కావచ్చు.

ఇక ఆ చెమటలు. మెదడులో ఒంటి వేడిని చూసుకునే హైపోథాలమస్ అనే భాగానికి ఈస్ట్రోజన్ తగ్గాక ఓర్పు తగ్గుతుంది. వేడి పిసరంత పెరిగినా నిప్పంటుకున్నట్టు చెమటలు పట్టిస్తుంది. రాత్రికి రెండు మూడుసార్లు అలా లేస్తే, మర్నాడు ఎవరికైనా చిరాకు రాకుండా ఉంటుందా?

అందరికీ ఇలా జరగదు. గతంలో డిప్రెషన్ వచ్చినవాళ్లకి, కాన్పు తర్వాత దిగులు పడ్డవాళ్లకి ముప్పు ఎక్కువ. అన్నిటినీ వయసు మీదికి నెట్టేయడమూ తప్పే. థైరాయిడ్ తేడాగా ఉన్నా, రక్తం తక్కువైనా ఇవే లక్షణాలు కనిపిస్తాయి, ముందు ఆ పరీక్షలు చేయించాలి.

హార్మోన్ చికిత్స అంటే మనవాళ్లకి భయం. 2002లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంతో ఆ భయం పాకింది. కానీ అందులో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63. అరవై లోపు, ముట్లుడిగి పదేళ్లు దాటని ఆరోగ్యవంతులకి సాధారణంగా ముప్పు కంటే మేలే ఎక్కువని ఇప్పుడు వైద్యులు చెబుతున్నారు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్లకి సాధారణంగా ఇవ్వరు. వాళ్లకి వేరే మందులున్నాయి. మాటలతో చేసే సీబీటీ చికిత్స కూడా పనిచేస్తుంది. దిగులు రెండు వారాలైనా వదలకపోయినా, బతకాలనిపించకపోయినా ఆగకూడదు. బెంగళూరులోని నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థ ప్రధాన కేంద్రంగా నడిచే టెలీ మానస్ అనే ప్రభుత్వ హెల్ప్‌లైన్‌కి, 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

గైనకాలజిస్టు చెప్పారని అక్క వంటింటి తలుపు వెనక తెలుగు క్యాలెండర్ మీద రాయడం మొదలుపెట్టింది. పాల లెక్క పక్కనే నిద్ర పట్టని రాత్రికి చుక్క, ఏడుపొచ్చిన రోజుకి గీత. నెల తిరిగాక బావగారు దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. గీతల్లో చాలావరకు చుక్క పెట్టిన రాత్రికి మర్నాడే ఉన్నాయి. ఆ సాయంత్రం ఆయన హాల్లోని దివాన్ ఫ్యాను కిందికి జరిపి, దాని మీద పలచటి నూలు దుప్పటి పరిచారు.