పదిహేడో క్రోమోజోము మీద టౌ: చిరునామా ముందు, నేరం తర్వాత

నాడీకణం నుంచి సాగే ఆక్సాన్ కొన్నిచోట్ల మీటరు పొడవుంటుంది. దాని లోపల రవాణాకు ఆధారం సూక్ష్మనాళికలు. అవి విడిపోకుండా అంటిపెట్టుకుని ఉండే ప్రోటీన్లలో ఒకటి టౌ. 1975లో ప్రిన్స్‌టన్‌లో మార్క్ కిర్ష్‌నర్ బృందం పంది మెదడు నుంచి దాన్ని వేరుచేసింది. అల్జీమర్స్ రోగుల మెదడులో కనిపించే చిక్కుముళ్లలో ఉన్నదీ ఇదేనని 1980ల మధ్యలో తేలాక, దాని జన్యువు ఎక్కడుందన్న వెతుకులాట మొదలైంది.

అప్పటికి జన్యుక్రమం చదివే యంత్రాలు ఇప్పటిలా లేవు. చేతిలో ఉన్నది 1967లో మేరీ వైస్, హోవార్డ్ గ్రీన్ చూపిన ఉపాయం. మనిషి కణాన్ని చిట్టెలుక కణంతో కలిపేస్తే, ఆ సంకర కణం విభజన చెందేకొద్దీ మనిషి క్రోమోజోములనే జారవిడుచుకుంటుంది. ఒక్కో కణ వంశంలో ఒక్కో రకం మిగులు. వాటి డీఎన్ఏను ముక్కలు చేసి, టౌ జన్యువుకు అతుక్కునే రేడియోధార్మిక ముక్కతో పరీక్షించాలి. ఆ ముక్క అతుక్కున్నచోట ఫిల్ముమీద ఒక చార పడుతుంది. మనిషి తాలూకు చార ఏ క్రోమోజోము ఉన్నచోటల్లా కనిపించి, లేనిచోటల్లా మాయమవుతుందో జన్యువు దానిమీదే ఉన్నట్టు. ఇది ఓపికతో చేయాల్సిన పట్టికల పని, అంతకుమించి ఆర్భాటమేమీ లేదు.

1986లో రేచల్ నీవ్, కెన్నెత్ కోసిక్ తదితరులు టౌను 17వ క్రోమోజోము మీద, దాని చుట్టం, సూక్ష్మనాళికలనే అంటిపెట్టుకునే మరో ప్రోటీన్ మ్యాప్‌2ను 2వ దానిమీద గుర్తించారు. నాడీకణానికి ఆకారమిచ్చే పోగులైన న్యూరోఫిలమెంట్లలో తేలికపాటి ప్రోటీన్ జన్యువుకు 8వ క్రోమోజోములో చోటు దొరికింది. చిట్టెలుకలో టౌ జన్యువుది 11వ క్రోమోజోము. మనిషి 17లోని జన్యువులు చాలావరకు అక్కడే గుంపుగా ఉంటాయి కాబట్టి ఇందులో వింతేమీ లేదు.

అసలు కథ 1994లో మలుపు తిరిగింది. ఒక కుటుంబంలో తరతరాలుగా వస్తున్న మతిభ్రంశ వ్యాధి జాడ కూడా 17 మీదే, అదే ప్రాంతంలో దొరికింది. అనుమానం సహజంగానే టౌ మీదికి పోయింది. అయినా టౌ జన్యువులో ఉత్పరివర్తనలు (వ్యాధి తెచ్చే మార్పులు) బయటపడేసరికి 1998 అయింది. కొన్ని కుటుంబాల్లో తప్పు ప్రోటీన్‌కు సంకేతమిచ్చే భాగంలో లేదు. అలా సంకేతమిచ్చే ముక్కల్లో (ఎక్సాన్లలో) పదోదాని పక్కనున్న, ప్రోటీన్‌కు సంకేతమివ్వని ముక్కలో (ఇంట్రాన్‌లో) ఉంది. దానివల్ల టౌలోని రెండు రకాల నిష్పత్తి తారుమారైంది.

మరికొన్ని కుటుంబాల్లో జాడ 17నే చూపింది గానీ టౌ జన్యువులో దోషమే దొరకలేదు, మెదడులో టౌ ముద్దలూ లేవు. వాటి కారణం 2006లో తేలింది: ప్రోగ్రాన్యులిన్ అనే మరో ప్రోటీన్ జన్యువులో దోషం. ఆ ప్రోటీన్ టౌలా కణ నిర్మాణానికి చెందినది కానే కాదు. దాని జన్యువు టౌకు ఇరవై లక్షల బేస్‌ల లోపు దూరంలోనే ఉంది.