బద్ధకం కాదమ్మా, జబ్బు

ఆదివారం పదకొండు గంటలయ్యేసరికి విజయవాడ శివార్లలో రెసిడెన్షియల్ కాలేజీల గేట్ల దగ్గర తిరనాళ్లలా ఉంటుంది. రేపల్లె నుంచి, నరసరావుపేట నుంచి, నూజివీడు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అమ్మానాన్నలు క్యారేజీలు పట్టుకుని నిలబడి ఉంటారు. చెట్టు నీడ దొరికిన వాళ్లు దుప్పటి పరిచి, డబ్బాలు విప్పి, పిల్లలకు కలిపి పెడుతుంటారు. ఇంటర్‌కు జువాలజీ చెప్పేవాణ్ని కాబట్టి నాకిది అలవాటైన దృశ్యమే. కొన్నేళ్ల కిందట అలాంటి ఒక ఆదివారం, సీనియర్ బైపీసీ కుర్రాడొకడు తల్లి నోటి దగ్గరకు తెచ్చిన ముద్దను చేత్తో తోసేశాడు. ముద్ద దుప్పటి మీద పడింది. "కోడిపులుసు ఎవరు తెమ్మన్నారు నిన్ను?" అని అరిచాడు. అదంటే వాడికి ప్రాణమట. ఆమె మెతుకులు ఏరుకుంటూ నా వైపు చూసి, "ఇలా ఉండేవాడు కాదు సార్. దేనికీ పనికిరాని కోపం. మార్కులు కూడా పడిపోయాయి. పొగరెక్కిందో, బద్ధకమో" అంది.

నేను తల ఊపాను. క్లాసులో వాడు బల్ల మీద తల వాల్చి పడుకునేవాడు. పేరు పెట్టి పిలిస్తే విసుక్కునేవాడు. నేను కూడా అది బద్ధకమే అనుకున్నాను. మూడు నెలల తర్వాత డాక్టరుగారు డిప్రెషన్ అని చెప్పాక, అన్నాళ్లూ నా కళ్లెదుటే ఉన్నవన్నీ ఆ జబ్బు లక్షణాలేనని అర్థమైంది. ఆ తల ఊపడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

కుంగుబాటు అనగానే మనకు తోచేది మూల కూర్చుని ఏడ్చే మనిషి. పదహారు, పదిహేడేళ్ల వాళ్లలో అది చాలాసార్లు కోపంగా బయటపడుతుంది. మానసిక వైద్యులు జబ్బును నిర్ధారించే పద్ధతిలోనే ఈ వయసు పిల్లల కోసం ఒక మాట ప్రత్యేకంగా రాసి ఉంది: దిగులు కనిపించకపోయినా, దాని స్థానంలో చిరాకు ఉంటే లెక్కలోకి తీసుకోవాలి. వాళ్లు చూసే లక్షణాలు మొత్తం తొమ్మిది. దిగులు లేదా చిరాకు, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోవడం అనేవి ముఖ్యం. ఈ రెంటిలో ఒకటైనా ఉండి తీరాలి. నిద్ర, ఆకలి తారుమారు కావడం, నీరసం, మనసు నిలవకపోవడం, నడకా మాటా మందగించడం లేదా కుదురు లేకపోవడం, నేనెందుకూ పనికిరాననిపించడం, చావు గురించిన ఆలోచనలు తక్కినవి. వీటిలో కనీసం అయిదు రెండు వారాలపాటు దాదాపు రోజూ ఉండి, చదువుకూ రోజువారీ పనులకూ అడ్డం పడుతుంటే అది జబ్బు. వీకెండ్ టెస్టు పోయిందని రెండు రోజులు ముఖం ముడుచుకోవడం వేరు.

ఇందులో 'మనసు నిలవకపోవడం' దగ్గర కాసేపు ఆగాలి. "చదువుతున్నా ఎక్కట్లేదు సార్" అనే మాట మా పిల్లల నోట నేను వినని వారం లేదు. పేజీ చదువుతారు, కింది దాకా వచ్చేసరికి పైన ఏముందో గుర్తుండదు. మార్కులు తగ్గాయి కాబట్టి పిల్లాడు దిగాలుపడ్డాడని ఇంట్లో అనుకుంటారు. చాలాసార్లు జరిగేది తిరగబడి ఉంటుంది. ముందు జబ్బు వచ్చింది, అది శ్రద్ధను తినేసింది, ఆ తర్వాతే మార్కులు పోయాయి. అప్పుడు ఇంకా రెండు గంటలు ఎక్కువ కూర్చోబెడితే, జ్వరంతో ఉన్నవాణ్ని పరిగెత్తమన్నట్టే.

ఆ రెండు గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? నిద్రలోంచే. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్యులు చెబుతారు. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్, తెల్లవారుజామున అయిదింటికి విజిల్ ఉన్న హాస్టల్లో లైటు ఆర్పగానే నిద్రపట్టినా ఆరున్నర గంటలు దాటదు. పైగా లైటు ఆర్పగానే నిద్ర పట్టదు. యుక్తవయసు వచ్చాక శరీరంలోని గడియారమే ఒకటి రెండు గంటలు వెనక్కి జరుగుతుంది. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోను పెద్దవాళ్లలో కన్నా ఆలస్యంగా మొదలవుతుంది. పదకొండింటికి కళ్లు తెరుచుకుని పడుకున్న పిల్లాడు మొండికేసినట్టు కాదు. ఇలా నెలల తరబడి నిద్ర చాలకపోతే కుంగుబాటుకు దారి సులువవుతుంది. కుంగుబాటు వచ్చాక ఉన్న నిద్ర కూడా చెడుతుంది.

ఒత్తిడి మెదడును ఏం చేస్తుందో చూపించిన మంచి పరిశోధన ఒకటి మన పక్కనే, బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రంలో జరిగింది. సుమంత్ర చటర్జీ బృందం ఎలుకలను రోజుకు 2 గంటల చొప్పున 10 రోజులు కదలకుండా బంధించింది. జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోక్యాంపస్‌లో నాడీకణాల కొమ్మలు కుంచించుకుపోయాయి. భయాన్ని, ఆందోళనను నడిపించే అమిగ్డలాలో మాత్రం కొమ్మలు ఇంకా గుబురుగా పెరిగాయి. ఇది 2002లో అచ్చయింది. రెండేళ్ల తర్వాత అదే బృందం ఇంకో సంగతి బయటపెట్టింది. ఎలుకలకు 21 రోజులు విశ్రాంతి ఇస్తే హిప్పోక్యాంపస్ కోలుకుంది, అమిగ్డలా కోలుకోలేదు, ఆందోళనా తగ్గలేదు. ఎలుక మనిషి కాదు, నిజమే. అయినా దసరా సెలవులకు ఇంటికెళ్లి వచ్చిన పిల్లలను చూసి "పది రోజులు తిని పడుకున్నావుగా, ఇంకేం?" అనబోయినప్పుడల్లా నాకు ఆ ఎలుకలు గుర్తొస్తాయి.

అలాగని ఒత్తిడి ఉన్న ప్రతి పిల్లకూ జబ్బు రాదు. ఒకే గదిలో ఆరుగురుంటే ఒకరికే రావచ్చు. కవలల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే కుంగుబాటులో వంశపారంపర్యం వాటా సుమారు 37 శాతం. మిగతాది బతుకులోంచి వచ్చేదే. యుక్తవయసు తర్వాత అబ్బాయిలకన్నా అమ్మాయిల్లో ఇది దాదాపు రెట్టింపు. అబ్బాయిది పొగరైతే, అమ్మాయిది గారాబం అంటాం. పేర్లు వేరైనా, వైద్యం ఆలస్యం కావడం ఇద్దరికీ ఒకటే. బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నడిపిన 2015-16 జాతీయ సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల వాళ్లలో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. అరవైమంది సెక్షన్‌లో నలుగురు అనుకోండి. నా సెక్షన్‌లో ఆ నలుగురు ఎవరు?

ఆ కుర్రాడి విషయంలో నాకు తర్వాత తెలిసింది ఒకటుంది. మార్కులను బట్టి సెక్షన్లు మార్చినప్పుడు వాణ్ని పై సెక్షన్ నుంచి కిందికి దించారు. మార్కులకన్నా వాణ్ని ఎక్కువ దెబ్బతీసింది, పక్క బెంచీ స్నేహితుడు పైనే ఉండిపోవడం. వారానికి ఒక్కసారి మెస్‌లో కలిసేవాళ్లట, అదీ వరుసలు కలిస్తేనే. 2025 జులైలో, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ విషయమే ఉంది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, అందరి ముందూ అవమానించడం సాధ్యమైనంతవరకు మానుకోవాలి. 100 మందికి తక్కువ కాకుండా విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఒకరైనా ఉండాలి.

కౌన్సెలర్‌ను పెట్టడం తంతు కాదని బీహార్ నలంద జిల్లా అనుభవం చెబుతుంది. అక్కడి 70కి పైగా ప్రభుత్వ హైస్కూళ్లలో ఒక ప్రయోగం చేశారు. కొన్ని బళ్లలో బయటి నుంచి శిక్షణ ఇచ్చి తెచ్చిన మామూలు మనిషిని, కొన్నింటిలో అక్కడి టీచర్‌నే ఈ పనికి పెట్టారు. బయటి మనిషి ఉన్న బళ్లలో వాతావరణం మెరుగుపడింది, పిల్లల్లో కుంగుబాటు లక్షణాలు తగ్గాయి. టీచర్‌కు అప్పగించిన బళ్లలో ఆ మార్పు రాలేదు. 2018లో ఇది చదివి టీచర్‌గా నాకు కష్టమనిపించింది. కానీ ఆలోచిస్తే, మార్కులు వేసే చేతికే మనసు విప్పి చూపించమంటే ఏ పిల్లాడు చూపిస్తాడు?

పెద్దలు ఎక్కువ భయపడేది ఒక ప్రశ్న అడగడానికి. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని అడిగితే లేని ఆలోచన మనమే పెట్టినట్టవుతుందని. న్యూయార్క్ రాష్ట్రంలో రెండు వేల మందికి పైగా హైస్కూలు విద్యార్థులతో ఈ భయాన్నే పరీక్షించి 2005లో ప్రచురించారు. అడిగినందువల్ల ఆలోచనలు పెరగలేదు. అప్పటికే కుంగిపోయి ఉన్నవాళ్లలోనూ అడగడం వల్ల హాని కనపడలేదు. అడగండి. అడిగి, సమాధానం అయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.

ఔననే సమాధానం వస్తే ఆ రాత్రి పిల్లను ఒంటరిగా వదలకూడదు. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు. పగలూ రాత్రీ ఉంటుంది, ఉచితం. విజయవాడ, గుంటూరు రెండుచోట్లా ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. "అక్కడికి తీసుకెళ్తే రేపు సంబంధాలు రావు" అన్న భయంతో ముందు తాయెత్తు కట్టించి, దిగదుడిచి, ఆరు నెలలు పోగొట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు. వాళ్లను తప్పుపట్టే మనసు నాకు లేదు. బిడ్డ కోసం చేతికందినది చేశారు.

వైద్యం పనిచేస్తుంది. అమెరికాలో 439 మంది టీనేజర్ల మీద జరిపిన పరీక్ష 2004లో వచ్చింది. మాటల చికిత్స, కుంగుబాటు తగ్గించే ఫ్లూయాక్సిటిన్ మాత్ర కలిపి ఇచ్చినవాళ్లలో 12 వారాలకు 71 శాతం మంది మెరుగయ్యారు. మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో ఆ లెక్క 35 శాతం. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరిలో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చు కాబట్టి దగ్గరుండి కనిపెట్టుకోవాలి. గుణం కనపడేందుకు కొన్ని వారాలు పడుతుంది. గుణం కనపడ్డాక కూడా సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా వాడమంటారు.

ఆ కుర్రాడి ఇంట్లో తప్పు జరిగింది అక్కడే. రెండు నెలలకు వాడు నవ్వడం మొదలుపెట్టాడు, అన్నం తిన్నాడు. "బాగానే ఉన్నాడుగా, ఇంక మాత్రలెందుకు?" అని తండ్రి ఆపించాడు. సంక్రాంతి తర్వాత మళ్లీ బల్ల మీద తల వాల్చాడు. ఈసారి నేను చూశాను. మధ్యాహ్నం విరామంలో వాళ్లమ్మకు ఫోన్ చేశాను. ఆమె మర్నాడు పొద్దున మొదటి బస్సులో వచ్చింది. చేతిలో క్యారేజీ లేదు, పాత మందుల చీటీ ఉంది.