జాబితాకెక్కని సమాధులు

పాత కట్టడానికి గ్రాంటు రావాలంటే ముందు అది ఏదో ఒక జాబితాలోకి ఎక్కాలి. ఈ అలవాటు ఫ్రాన్స్‌లో మొదలైంది. విప్లవం తర్వాత అక్కడ పెద్ద పెద్ద మఠాలను కూడా రాళ్ల కోసం పగలగొట్టుకుపోయారు. 1834లో చారిత్రక కట్టడాల ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా వచ్చిన ప్రాస్పర్ మెరిమే ఊరూరా తిరిగి, ఏది ముందు కూలేలా ఉందో చూసి రాసుకున్నాడు. 1840లో వచ్చిన తొలి జాబితా గొప్ప కట్టడాల పట్టిక కాదు, డబ్బు సాయం కావాల్సిన వాటి చిట్టా. జాబితా, గ్రాంటు కవలపిల్లల్లా పుట్టాయి. తర్వాత వచ్చిన చిక్కులు చాలావరకు అక్కడివే.

అమెరికాకు ఈ తెలివి ఆలస్యంగా వచ్చింది, అదీ దెబ్బ తిన్నాక. న్యూయార్క్‌లో 1910లో తెరిచిన పెన్ స్టేషన్ అనే రైల్వేస్టేషన్‌ను 1963లో కూల్చడం మొదలుపెట్టి, దాని రాళ్లను, శిల్పాలను న్యూజెర్సీ చిత్తడి నేలల్లో పారబోశారు. జనం ఉలిక్కిపడ్డారు. 1933 నుంచి ప్రభుత్వం నమోదు చేస్తూ వచ్చిన సుమారు 12 వేల కట్టడాల్లో దాదాపు సగం అప్పటికే కూలిపోవడమో, బాగుచేయలేనంత పాడవడమో జరిగింది. 1966లో జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం వచ్చింది. దాంతోపాటే నేషనల్ రిజిస్టర్ అనే జాబితా, రాష్ట్రాలకు గ్రాంట్లు వచ్చాయి.

డబ్బుకు సొంత దారి దొరికింది మాత్రం 1976లో. సముద్రంలో చమురు, గ్యాస్ తవ్వకాల లీజుల మీద వచ్చే ఆదాయంలోంచి ఒక నిధి పెట్టారు. తవ్వితే తరిగిపోయే సంపద నుంచి కొంత తీసి, పోతే తిరిగిరాని మరో సంపద మీద పెట్టడం. ఆలోచన బాగుంది. కానీ ఏడాదికి 15 కోట్ల డాలర్లని చట్టంలో రాసుకున్నా, దశాబ్దాలపాటు కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, విదిల్చింది అందులో కొంతే. పైగా రాష్ట్రాలు తమ వాటాగా 40 శాతం తేవాలి. చేతిలో ఎంతో కొంత ఉన్నవాడికే సాయం అందే ఏర్పాటు ఇది.

సమాధుల తోటల సంగతి ఇంకా వింత. మామూలుగా అయితే శ్మశానాలను, చరిత్ర పురుషుల సమాధులను రిజిస్టర్‌లో చేర్చరని నిబంధనల్లోనే ఉంది. మినహాయింపులు ఉన్నాయి: అసాధారణ ప్రాముఖ్యం ఉన్నవారి సమాధులు ఉండాలి, లేదా తోట బాగా పాతది కావాలి, లేదా రూపకల్పనలో ప్రత్యేకత ఉండాలి, లేదా చారిత్రక ఘటనలతో సంబంధం ఉండాలి. ఎవరికి వారి తాతల సమాధి ముఖ్యమే కాబట్టి ఎక్కడో గీత గీయాలి అనుకున్నట్టున్నారు. కానీ ఆ గీత ఎవరి మీద పడిందో చూడండి. పాలరాతి దేవదూతలున్న తోటకు రూపకల్పన ఉందని చూపించడం తేలిక. పొలంలో దొరికిన రాయిని గుర్తుగా పాతుకున్నవాళ్లు ఏం చూపిస్తారు?

పన్ను రాయితీదీ అదే దారి. పాత కట్టడాన్ని బాగుచేసుకుంటే ఖర్చులో 20 శాతం పన్నులో తగ్గుతుంది, కానీ అది ఆదాయం తెచ్చే భవనాలకే. పాత మిల్లును అపార్ట్‌మెంట్లుగా మార్చొచ్చు. సమాధి అద్దె కట్టదు కదా!

అలాగని ప్రభుత్వం సమాధులకు ఎప్పుడూ డబ్బు ఇవ్వలేదని కాదు. అంతర్యుద్ధం మధ్యలోనే, 1862లో, సైనికుల కోసం జాతీయ శ్మశానాలకు కాంగ్రెస్ అనుమతిచ్చింది. ఉత్తరాది జైళ్లలో చనిపోయిన కాన్ఫెడరేట్ సైనికుల (బానిసత్వాన్ని నిలుపుకోవడానికి విడిపోయి పోరాడిన దక్షిణాది పక్షం వాళ్ల) సమాధులకు గుర్తులు పెట్టే పనికీ 1906లో నిధులిచ్చింది. వర్జీనియా రాష్ట్రమైతే కాన్ఫెడరేట్ సమాధుల సంరక్షణకు దశాబ్దాలుగా డబ్బు ఇస్తూ వచ్చింది.

అదే వర్జీనియా రాజధాని రిచ్‌మండ్‌లో 1890లలో నల్లజాతివారు ఎవర్‌గ్రీన్, ఈస్ట్ ఎండ్ అనే సమాధుల తోటలు ఏర్పాటు చేసుకున్నారు. అమెరికాలో బ్యాంకు స్థాపించిన తొలి నల్లజాతి మహిళ మ్యాగీ వాకర్ సమాధి ఎవర్‌గ్రీన్‌లోనే ఉంది. ఆమె సమాధి ఉన్నా ఆ తోట అడవై, తీగలు అల్లుకుని, రాళ్లు కనపడకుండా పోయింది. వలంటీర్లు వారాంతాల్లో కత్తెరలు పట్టుకెళ్లి పొదలు కొట్టారు. చివరికి 2017లో ఈ రెండు తోటలకూ సమాధికి 5 డాలర్ల లెక్కన రాష్ట్రం డబ్బిచ్చేలా చట్టం వచ్చింది. కాన్ఫెడరేట్ సమాధులకు ఎన్నాళ్లుగానో ఉన్న లెక్క కూడా 5 డాలర్లదే. చిన్న మొత్తమే, కానీ సమానం కావడానికి ఇన్నేళ్లు పట్టింది.

2022 డిసెంబరులో కేంద్ర స్థాయిలోనూ ఒక చట్టం వచ్చింది. ఆఫ్రికన్ అమెరికన్ల శ్మశానాల కోసం నేషనల్ పార్క్ సర్వీస్ అనే కేంద్ర సంస్థ గ్రాంట్లు ఇవ్వొచ్చు, ఏటా 30 లక్షల డాలర్ల దాకా. ఇవ్వొచ్చు అనడం వేరు, ఇవ్వడం వేరు. 1976 నాటి నిధి కథ తెలిసినవాళ్లకు ఈ తేడా విడమర్చి చెప్పక్కర్లేదు.

ఈ చట్టంలో నాకు నచ్చింది డబ్బు లెక్క కాదు. రాళ్లు నిలబెట్టడానికే కాక, అసలు సమాధులు ఎక్కడున్నాయో వెతకడానికి కూడా గ్రాంటు వాడుకోవచ్చు. బానిసల సమాధుల మీద పెట్టిన చెక్క గుర్తులు ఎప్పుడో కుళ్లిపోయాయి. వాటిని వెతికేవాళ్లు నేలలో మనిషి పొడవున ఉన్న గుంతలను చూస్తారు, ఒకప్పుడు సమాధుల మీద నాటిన వింకా తీగ ఎక్కడ పరుచుకుందో చూస్తారు. ఆ తర్వాతే నేల లోపలికి చూసే రాడార్ పరికరం తెస్తారు.