రాజీనామా అడిగేవాళ్లు లేని పార్టీలు: 30 రోజుల బిల్లు వెనక కథ

జైల్లో ఉన్న ముఖ్యమంత్రి కుర్చీలో కొనసాగొచ్చా అనే గొడవ మళ్లీ రాజుకుంది. కారణం తెలిసిందే, 130వ రాజ్యాంగ సవరణ బిల్లు. ఐదేళ్లు లేదా అంతకు మించి జైలుశిక్ష పడే నేరం కింద అరెస్టయి వరసగా 30 రోజులు కస్టడీలో ఉంటే 31వ రోజుకల్లా రాజీనామా చేయాలి, చేయకపోతే ఆ మర్నాటి నుంచి పదవి దానంతటదే పోతుంది. ప్రధానికీ ముఖ్యమంత్రులకూ ఇదే రూలు, మంత్రులకూ దాదాపు ఇంతే. 2025 ఆగస్టు 20న అమిత్ షా దీన్ని లోక్‌సభలో పెట్టినప్పుడు ప్రతిపక్ష సభ్యులు ప్రతులు చింపి ఆయన వైపు విసిరారు. బిల్లు సంయుక్త పార్లమెంటరీ కమిటీకి (జేపీసీ) వెళ్లింది, ఆ కమిటీలో మేం కూర్చోం అని చాలా ప్రతిపక్ష పార్టీలు తప్పుకున్నాయి. అప్పట్నుంచి ఎవరిని కదిపినా ఈ రెంట్లో ఒక మాటే వినిపిస్తోంది. జైలు నుంచి పాలన ఏంటని ఒకరు, ఈడీని పంపి ప్రభుత్వాలు కూల్చడానికేనని ఇంకొకరు.

రైలు ప్రమాదానికి బాధ్యత వహించి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేసిన కథ ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు ఎత్తుతారు, అది అందరికీ తెలుసు కాబట్టి వదిలేస్తున్నా. నన్నడిగితే ఇవాళ్టి గొడవ మొత్తానికి మూలం 1997 జులైలో ఉంది.

బిహార్‌లో దాణా కుంభకోణం బయటపడింది 1996 జనవరిలో, చాయ్‌బాసా ట్రెజరీలో తనిఖీలతో. కొనని మేతకు, వాడని మందులకు దొంగ బిల్లులు పెట్టి ఖజానా నుంచి డబ్బు లాగారు. పాట్నా హైకోర్టు కేసును సీబీఐకి అప్పగించింది. 1997 జూన్‌లో ముఖ్యమంత్రి లాలూ ప్రసాద్ మీద ప్రాసిక్యూషన్‌కు గవర్నర్ ఏఆర్ కిద్వాయ్ అనుమతిచ్చారు, వెంటనే ఛార్జిషీటు పడింది. అప్పటికి లాలూ జనతాదళ్ జాతీయ అధ్యక్షుడు కూడా. ఢిల్లీలో ప్రధాని ఐకే గుజ్రాల్‌దీ అదే పార్టీ. పార్టీలోనూ, కేంద్రంలో పాలిస్తున్న కూటమి యునైటెడ్ ఫ్రంట్‌లోనూ దిగిపొమ్మని ఒత్తిడి పెరిగింది. అంటే ఆయన్ను నిలదీసి అడగగలిగిన మనుషులు అప్పటికింకా ఉన్నారు.

జులై 5న లాలూ చేసిన పని ఏంటంటే, అడిగేవాళ్లున్న పార్టీలోంచి బయటికొచ్చి అడిగేవాళ్లు లేని పార్టీ పెట్టుకున్నారు. అదే రాష్ట్రీయ జనతాదళ్. ఇరవై రోజులు తిరిగేసరికి, జులై 25న, ముఖ్యమంత్రిగా రాజీనామా చేశారు, అదే రోజు భార్య రబ్రీదేవి ప్రమాణం చేశారు. ఆమె తొమ్మిదిమంది పిల్లల తల్లి, అప్పటిదాకా ఏ పదవిలోనూ లేరు. జులై 30న లాలూ కోర్టులో లొంగిపోయి జైలుకెళ్లారు. చాలామంది రబ్రీదేవి చదువు మీద, మాట మీద జోకులేశారు, నాకు అప్పుడూ ఇప్పుడూ అది నచ్చదు, ఎందుకంటే తప్పు ఆమెది కాదు. జనం జులై 25ను గుర్తుపెట్టుకున్నారు గానీ అసలు మలుపు జులై 5నే జరిగిపోయింది. ముందు అడిగే నోళ్లను వదిలించుకుంటే ఆ తర్వాత రాజీనామా వట్టి కాగితం, కుర్చీ ఇంట్లోంచి కదలదు. పైగా 2000 ఎన్నికల్లో 124 సీట్లతో ఆర్జేడీయే అతిపెద్ద పార్టీగా వచ్చింది, రబ్రీదేవి మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. దేశంలోని ప్రాంతీయ పార్టీలన్నీ ఆ ఫలితాన్ని చూశాయి.

అంతకుముందు ఎలా ఉండేదో తెలియాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు, మన కర్నూలుకే వెళ్దాం. 1962 తర్వాత ప్రైవేటు బస్సు రూట్లను ఆర్టీసీ చేతికి తీసుకునే పని నడుస్తోంది. అనుకున్న వరస మార్చి కర్నూలు జిల్లా రూట్లను ముందుకు తెచ్చారు. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డికి రాజకీయంగా పడని వాళ్ల బస్సులు కాబట్టే మా మీద పడ్డారని ఆపరేటర్లు సుప్రీంకోర్టుకెక్కారు. ఆ ఆరోపణ నిజం కాదని చెబుతూ ముఖ్యమంత్రి స్వయంగా అఫిడవిట్ వేయలేదు. ఖండించలేదు కాబట్టి నమ్మక తప్పదని కోర్టు ఆ స్కీమును కొట్టేసింది. సీబీఐ లేదు, అరెస్టు లేదు, ఛార్జిషీటు లేదు. బస్సు రూట్ల కేసులో వెయ్యని ఒక్క అఫిడవిట్. 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి దిగిపోయారు, కాసు బ్రహ్మానందరెడ్డి వచ్చారు.

ఆయన మహాత్ముడు కాబట్టి దిగారని నేను అనడం లేదు. దిగినా పార్టీలో చోటు ఉంది కాబట్టి దిగగలిగారు. అదే ఏడాది శాస్త్రి కేబినెట్‌లో కేంద్రమంత్రి అయ్యారు, 1967లో స్పీకర్, 1977లో రాష్ట్రపతి. కుర్చీ దిగడం అంటే బతుకు ముగియడం కాదు అప్పట్లో. 1992లో నేదురుమల్లి జనార్దనరెడ్డి విషయమూ దాదాపు ఇంతే. ప్రైవేటు మెడికల్, డెంటల్ కాలేజీలకు అనుమతులిచ్చిన తీరును హైకోర్టు తప్పుపట్టి కొట్టేసింది, కొన్ని వారాలకే ఆయన పోయి కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు. అధిష్ఠానం ముఖ్యమంత్రులను మాటిమాటికీ మార్చి మన ఆత్మగౌరవాన్ని తొక్కేసిందని ఎన్టీఆర్ అన్న మాట నిజమే, అది వేరే పాపం. కానీ తప్పు జరిగినప్పుడు దిగమని చెప్పే నోరు మాత్రం ఎక్కడో ఒకచోట ఉండేది.

1997 తర్వాత ఆ నోరు ఒక్కొక్క పార్టీలో మూగబోతూ వచ్చింది. తమిళనాడులో జయలలిత 2001లో, 2014లో రెండుసార్లు కోర్టు తీర్పుల వల్ల దిగాల్సి వచ్చింది, రెండుసార్లూ కుర్చీ ఆమె పార్టీ నేత పన్నీర్‌సెల్వం కాపలాలోనే ఉండి మళ్లీ ఆమెకే చేరింది. జాతీయ పార్టీలకు ఇంకో పాఠం దొరికింది. కర్ణాటకలో అక్రమ గనులపై లోకాయుక్త సంతోష్ హెగ్డే నివేదిక వచ్చాక (మన ఓబుళాపురం కథకు అటువైపు ముక్క అది) 2011 జులై 31న యడియూరప్పతో బీజేపీ రాజీనామా చేయించింది. ఆయన వేరే పార్టీ పెట్టారు, 2013లో బీజేపీ 110 సీట్ల నుంచి 40కి పడిపోయింది. తర్వాత ఆయన్ను మళ్లీ పిలిచి ముఖ్యమంత్రిని చేశారు, ఈలోగా 2016లో సీబీఐ కోర్టు ఆయన్ను నిర్దోషిగా వదిలేసింది. దిగమని అడిగితే ఖర్చు ఎంతవుతుందో అందరికీ లెక్క తెలిసింది.

ఈ చరిత్ర మనసులో పెట్టుకుని 2024 చూస్తే కేజ్రీవాల్ నిర్ణయం అంత వింతగా అనిపించదు. జనవరి 31న జార్ఖండ్ ముఖ్యమంత్రి హేమంత్ సోరెన్ పాత పద్ధతి పాటించారు. ఈడీ అధికారులు వెంట ఉండగానే రాజ్‌భవన్‌కు వెళ్లి రాజీనామా ఇచ్చి, ఆ తర్వాత అరెస్టయ్యారు. తన పార్టీ నేత చంపయీ సోరెన్‌ను కూర్చోబెట్టారు. జూన్ 28న హైకోర్టు బెయిలిస్తూ, ఆయన నేరం చేయలేదని నమ్మడానికి కారణాలు కనిపిస్తున్నాయంది, జులై 4న మళ్లీ ప్రమాణం చేశారు. కుర్చీ ఖాళీ చేయాల్సొచ్చిన చంపయీ రెండు నెలలు తిరక్కుండానే బీజేపీలో చేరారు. మార్చి 21న ఢిల్లీ లిక్కర్ కేసులో అరెస్టయిన కేజ్రీవాల్ మాత్రం రాజీనామా చేయలేదు. పదవిలో ఉండగా అరెస్టయిన మొదటి ముఖ్యమంత్రి ఆయనే. ఆయన పార్టీలో ఆయన్ను అడిగేవాళ్లు ఎవరున్నారు? దించాలని వేసిన పిటిషన్లను ఢిల్లీ హైకోర్టు ఒకటికి మూడుసార్లు కొట్టేసింది, మూడోసారి పిటిషనర్‌కు 50,000 జరిమానా కూడా వేసింది. ఎందుకంటే దిగమనే చట్టమే లేదు.

దాని ఫలితం ఢిల్లీ జనం అనుభవించారు, అది దాచడం నిజాయితీ కాదు. నీళ్ల సమస్య మీద ముఖ్యమంత్రి ఆదేశం ఈడీ కస్టడీ నుంచి ఒక కాగితం రూపంలో మంత్రి ఆతిశీకి చేరింది. మే 10న సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలిస్తూ సచివాలయానికి వెళ్లకూడదు, లెఫ్టినెంట్ గవర్నర్ ఆమోదానికి తప్పనిసరైతే తప్ప ఫైళ్ల మీద సంతకం పెట్టకూడదు అంది. సంతకం లేని ముఖ్యమంత్రి! మున్సిపల్ స్కూళ్లలో లక్షల మంది పిల్లలకు పుస్తకాలు అందని కేసులో హైకోర్టు అదే ఏడాది ఏప్రిల్‌లో ఆప్ ప్రభుత్వాన్ని గట్టిగా కడిగేసింది. చివరికి సెప్టెంబర్‌లో బెయిల్ మీద బయటికొచ్చాకే కేజ్రీవాల్ దిగారు, 2025 ఫిబ్రవరిలో తన సీటూ పోగొట్టుకున్నారు.

బిల్లుకు ఇదే కారణమని కేంద్రం చెబుతోంది. 2010లో తనను అరెస్టు చేసే ముందే గుజరాత్ మంత్రి పదవికి రాజీనామా చేశానని, కోర్టు నిర్దోషిగా తేల్చేదాకా ఏ రాజ్యాంగ పదవీ తీసుకోలేదని షా సభలో గుర్తుచేశారు. ఇంకో వాదన కూడా బలమైందే. మండలాఫీసులో జూనియర్ అసిస్టెంట్ 48 గంటలు కస్టడీలో ఉంటే సస్పెండైనట్టే లెక్క, ముఖ్యమంత్రికి మాత్రం ఎందుకు వర్తించదు?

నా అభ్యంతరం వేరే చోట ఉంది. 1964లో, 1992లో కుర్చీ కదిలింది కోర్టు తీర్పుతో. ఈ బిల్లులో కదిలేది పోలీసు పనితో. మనీలాండరింగ్ చట్టం 45వ సెక్షన్ కింద నిందితుడు నేరం చేయలేదని నమ్మకం కలిగితేనే బెయిల్, దాన్ని 2022లో సుప్రీంకోర్టు సమర్థించింది. అలాంటప్పుడు 30 రోజుల్లో బయటికి రావడం ఎంతమందికి సాధ్యం? అదే లిక్కర్ కేసులో ఢిల్లీ ఉపముఖ్యమంత్రిగా ఉండగా అరెస్టయిన సిసోడియా విచారణ మొదలుకాకుండానే 17 నెలలు జైల్లో ఉన్నారు, హైదరాబాద్‌లో అరెస్టయిన కవిత ఐదు నెలలకు పైగా ఉన్నారు. 2014 ఫిబ్రవరిలో లా కమిషన్ 244వ నివేదిక ఎన్నికల్లో పోటీకి అనర్హత గురించి చెబుతూ, కోర్టు అభియోగాలు నమోదు చేసే దశను గీతగా పెట్టమంది. అంటే ఒక జడ్జి ఆధారాలు చూసి, ఇందులో విషయం ఉంది అన్నాకే. ఆ గీత అందుబాటులో ఉండగా అరెస్టు దగ్గర గీత గీయడం ఎందుకో ప్రభుత్వం నుంచి నాకు నమ్మదగ్గ జవాబు కనిపించలేదు. ఇంకా విచిత్రం, పదవి పోయిన మనిషి భార్యో కొడుకో ఆ కుర్చీలో కూర్చోవడానికి బిల్లులో ఏ అడ్డూ లేదు, విడుదలయ్యాక ఆయనే తిరిగి రావొచ్చు. 1997 పాట్నా ఈ బిల్లు కింద కూడా అచ్చంగా అలాగే జరగొచ్చు.

మన రెండు రాష్ట్రాల ఓటర్లు మాత్రం అరెస్టును తీర్పుగా ఎప్పుడూ తీసుకోలేదు. 2012లో అరెస్టయి 16 నెలలు జైల్లో ఉన్న జగన్‌కు 2019లో 151 సీట్లిచ్చారు. 2015లో అరెస్టయిన రేవంత్ రెడ్డి 2023 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి. చంద్రబాబును 2023 సెప్టెంబర్ 9న నంద్యాలలో అరెస్టు చేశారు, అక్టోబర్ 31న మధ్యంతర బెయిల్ మీద రాజమండ్రి సెంట్రల్ జైలు నుంచి బయటికొచ్చారు, 50 రోజులు దాటింది. అప్పుడాయన ప్రతిపక్ష నాయకుడు. ముఖ్యమంత్రిగా ఉండి, ఈ చట్టం అమల్లో ఉండి ఉంటే, బెయిల్ వచ్చేలోపే, అక్టోబర్ రెండో వారంలోనే, కుర్చీ పోయేది. ఇవాళ ఆయన పార్టీకి లోక్‌సభలో 16 మంది ఎంపీలున్నారు, బిల్లు గెలవాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి.