అక్షరం దగ్గర ఆగిపోయే పిల్లలు

‘స్త్రీ’ అని కాగితం మీద పెద్దగా రాసి చూడండి. చెవికి ముందు స, తర్వాత త, ఆ తర్వాత ర, చివర్లో ఈ వినిపిస్తాయి. కంటికి కనిపించే వరస అది కాదు. చివర పలికే ఈ, గుడిదీర్ఘమై మొట్టమొదటి స నెత్తిన కూర్చుంటుంది. త వత్తు, ర వత్తు కింద, పక్కన సర్దుకుంటాయి. అంటే కన్ను ఒక వరసలో చూసిన దాన్ని నోరు ఇంకో వరసలో పలకాలి. మనలో ఎక్కువమంది ఈ పని ఎప్పుడు నేర్చుకున్నామో కూడా గుర్తులేనంత సులువుగా దాటేశాం. దాటలేక అక్కడే ఆగిపోయే పిల్లలు కొందరుంటారు. ఈ ఇబ్బందిని ఇప్పుడు డిస్లెక్సియా అంటున్నారు.

నాతో చదివినవాడు ఒకడుండేవాడు. పాఠం రెండుసార్లు వింటే చాలు, కంఠతా వచ్చేసేది. మాస్టారు చదవమంటే లేచి నిలబడి, వరసల మీద వేలు కదుపుతూ గడగడా అప్పజెప్పేవాడు. మధ్యలో ఏదో ఒక మాట మీద వేలు పెట్టి ‘ఇదేంట్రా?’ అని అడిగితే దొరికిపోయేవాడు. ఆ తర్వాత గోడకుర్చీ, గుంజీలు. ‘మొద్దు’ అనే మాట వాడి పేరులో భాగమైపోయింది. ఏడో తరగతితో బడి మానేశాడు. అంత పాఠం చెవితో విని గుర్తుపెట్టుకున్నవాడు మొద్దు ఎలా అవుతాడని మాలో ఒక్కరికీ, మాస్టారికీ కూడా, తోచలేదు.

ఈ ప్రశ్న ఇంగ్లండ్‌లో ఒక డాక్టరుకు 1896లో తోచింది. ససెక్స్ తీరంలోని సీఫర్డ్ ఊళ్ళో పనిచేసే డబ్ల్యూ. ప్రింగిల్ మోర్గన్ ఆ ఏడాది నవంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌కు ఒక చిన్న నివేదిక రాశాడు. అందులో పర్సీ అనే 14 ఏళ్ళ కుర్రాడి గురించి చెప్పాడు. తెలివైనవాడు, ఆటల్లో తోటివాళ్ళకు తీసిపోడు. ఏడేళ్ళుగా బడిలోనూ ఇంట్లోనూ చదువు చెబుతున్నా చిన్న చిన్న మాటలు కూడా తడబడకుండా చదవలేడు. తన పేరునే అక్షరాలు తారుమారు చేసి రాశాడు. అంకెలు మాత్రం బాగానే వచ్చు. చదువంతా నోటితోనే చెప్పగలిగితే బడిలో వీడే అందరికంటే చురుకైనవాడని అతని టీచరు అన్నట్టు మోర్గన్ రాశాడు. నా తోటివాడి గురించి కూడా అక్షరాలా ఇదే చెప్పొచ్చు.

మోర్గన్‌కు ముందు వైద్యులు ఇలాంటి ఇబ్బందిని పెద్దవాళ్ళలో చూశారు. పక్షవాతమో తలకు దెబ్బో తగిలాక, మాట బాగానే ఉండి చదవడం ఒక్కటే పోయినవాళ్ళు. 1877లో జర్మన్ వైద్యుడు అడాల్ఫ్ కుస్‌మాల్ దీన్ని ‘పదాంధత్వం’ అన్నాడు. పదేళ్ళ తర్వాత రుడాల్ఫ్ బెర్లిన్ అనే కంటి డాక్టరు ‘డిస్లెక్సియా’ అనే మాట వాడాడు. గ్లాస్గోలో ఇంకో కంటి డాక్టరు జేమ్స్ హిన్షల్‌వుడ్ 1895లో రాసిన వ్యాసం చదివాకే మోర్గన్ కలం పట్టాడు. మోర్గన్ చెప్పిన కొత్త విషయం ఏమిటంటే, ఈ కుర్రాడికి ఏ దెబ్బా తగల్లేదు, ఇది పుట్టుకతోనే వచ్చింది. తెలివి వేరు, చదవడం వేరు అని వైద్యం స్పష్టంగా చెప్పిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

మొదట పట్టించుకున్నవాళ్ళు కంటి డాక్టర్లు కావడంతో అందరి దృష్టీ కంటి మీదే నిలిచింది. అక్షరాలు తలకిందులుగా కనిపించడమే ఈ ఇబ్బంది అని చాలా ఏళ్ళు నమ్మారు. ఇప్పటికీ నమ్మేవాళ్ళున్నారు. పిల్లవాడు చదవడం లేదంటే ముందు కళ్ళజోడు కోసం తీసుకెళ్ళడం మనిళ్ళల్లో మామూలే. చూపు పరీక్ష చేయించడం మంచిదే, చూపులో లోపం ఉందో లేదో తేలుతుంది. అసలు ఇబ్బంది మాత్రం కళ్ళజోడుతో పోదు.

అదే కాలంలో పారిస్‌లో ఇంకో కథ నడిచింది. మామూలు తరగతిలో వెనకబడే పిల్లల్ని గుర్తించి వాళ్ళకు సాయం అందించడానికి ఆల్‌ఫ్రెడ్ బినే, థియోడోర్ సిమోన్ 1905లో ఒక పరీక్ష తయారుచేశారు. తెలివి పుట్టుకతో గీసిన గీత అనడాన్ని బినే ఒప్పుకోలేదు, అభ్యాసంతో అది పెరుగుతుందన్నాడు. అట్లాంటిక్ దాటాక అదే పరీక్ష ఐక్యూ అనే ఒక్క అంకెగా మారింది, పిల్లల్ని వర్గాలుగా విడగొట్టే పనిముట్టు అయింది. చదవలేని పిల్లల కథలో ఈ అంకె చాలాకాలం తలుపు దగ్గర కాపలా కాసింది. ఆ సంగతి కాసేపట్లో.

1925లో అమెరికాలోని అయోవాలో శామ్యూల్ ఆర్టన్ అనే వైద్యుడు, చదవలేని పిల్లలు మొద్దులు కారని మళ్ళీ గట్టిగా చెప్పాడు. మెదడు రెండు భాగాల్లో ఒకటి పైచేయి సాధించకపోవడం వల్ల అక్షరాలు మెలిపడతాయని అతను చెప్పిన కారణం తర్వాత నిలబడలేదు. పద్ధతి మాత్రం నిలిచింది. అతనితో పనిచేసిన అన్నా గిల్లింగ్‌హామ్ అనే టీచరు, కంటితో చూస్తూ, చెవితో వింటూ, నోటితో పలుకుతూ, చేత్తో దిద్దుతూ అక్షరాన్ని నాలుగు దారుల్లో ఒకేసారి పట్టించే బోధనను తయారుచేసింది. ఇది చదివినప్పుడు నాకు మన వీధిబడి ఇసుకే గుర్తొచ్చింది. పిల్లవాడి వేలు పట్టుకుని, పైకి పలికిస్తూ ‘ఓ’, ‘న’, ‘మః’ దిద్దించడం కూడా కన్ను, చెవి, నోరు, చెయ్యి కలిసిన పనే. కాకపోతే ఆ బడిలోనే అక్షరం రానివాడికి కోదండం వేసేవారు. దిద్దించే పద్ధతి ఇంకొంత కాలం ఓపిగ్గా సాగితే నిలదొక్కుకునే పిల్లవాడు, శిక్షకు భయపడి బడికే రాకుండా పోయేవాడు.

‘లెర్నింగ్ డిజేబిలిటీ’ అనే మాట జనంలోకి వచ్చింది తల్లిదండ్రుల వల్ల. 1963 ఏప్రిల్‌లో షికాగోలో ఇలాంటి పిల్లల అమ్మానాన్నలు ఒక సమావేశం పెట్టుకున్నారు. ఒక్కో డాక్టరు ఒక్కో పేరు చెబుతుంటే విసిగిపోయి ఉన్నారు. అక్కడ మాట్లాడిన మనస్తత్వ శాస్త్రవేత్త శామ్యూల్ కిర్క్, మనం పెట్టే పేర్లు మనకు తృప్తినిస్తాయి గానీ పిల్లలకు పెద్దగా ఉపయోగపడవని హెచ్చరించాడు. అదే ప్రసంగంలో ఆయన వాడిన మాటనే ఆ తల్లిదండ్రులు తమ సంఘానికి పేరుగా పెట్టుకున్నారు. వాళ్ళను తప్పుపట్టలేం. పేరు లేని కష్టానికి ఏ ఆఫీసులోనూ దరఖాస్తు ఉండదు. 1975లో అమెరికా తెచ్చిన చట్టంతో ఈ పిల్లలకు ప్రభుత్వ బడిలో ప్రత్యేక బోధన హక్కయింది.

హక్కు రాగానే, ఎవరికి ఇవ్వాలనే ప్రశ్న వచ్చింది. ఐక్యూ ఎక్కువగా ఉండి, చదువు మార్కులు దానికి తగ్గట్టు లేకపోతేనే డిస్లెక్సియా అన్నారు. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. ఆచరణలో, ఆ రెంటి మధ్య తేడా లెక్కకు వచ్చేంత పెరిగేదాకా పిల్లవాడు రెండు మూడేళ్ళు ఫెయిలవుతూ ఉండాల్సిందే. 2004లో అమెరికా తన చట్టాన్ని సవరించి, ఆ తేడా చూపించమని రాష్ట్రాలు పట్టుబట్టకూడదని చెప్పింది. ముందు గట్టిగా నేర్పి చూడండి, దానికి పిల్లవాడు ఎలా స్పందిస్తున్నాడో గమనించండి అనే పద్ధతికి దారి వేసింది. 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల ప్రమాణ గ్రంథం ఐదో కూర్పు కూడా, తగిన సాయం అందించినా కనీసం ఆరు నెలలు ఇబ్బంది కొనసాగితేనే ఈ పేరు పెట్టాలంటుంది. మనకు ఇది చాలా ముఖ్యం. టీచరు లేక, పుస్తకం లేక, పనులకు పోయి చదువు రాని పిల్లలు మన దగ్గర లెక్కలేనంతమంది. వాళ్ళకు కావాల్సింది బడి, సర్టిఫికెట్ కాదు.

ఇంతకీ అసలు ఇబ్బంది ఎక్కడుంది? 1970లలో ఇసబెల్ లిబర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లలతో ఒక ఆట ఆడించింది. మాట విని, అందులో ఎన్ని ధ్వనులుంటే అన్నిసార్లు బల్ల మీద కొట్టాలి. చిన్నపిల్లలు మాటను ‘ప-ల-క’లా పెద్ద ముక్కలుగా విడగొట్టగలిగారు గానీ, ‘ప’లో మళ్ళీ ప్, అ ఉన్నాయని పట్టుకోవడం వాళ్ళకు చాలా కష్టమైంది. 1983లో ఆక్స్‌ఫర్డ్‌లో లినెట్ బ్రాడ్లీ, పీటర్ బ్రయంట్ సుమారు 400 మంది పిల్లల్ని గమనించారు. చదవడం మొదలుపెట్టకముందు ప్రాసలు, ధ్వనులు గుర్తుపట్టే నేర్పు ఎంత ఉందో దాన్నిబట్టి తర్వాత చదువు ఎలా సాగుతుందో చెప్పొచ్చని చూపించారు. ఆ నేర్పును నేర్పిస్తే చదువు మెరుగవుతుందని కూడా. అంటే చిక్కు ముఖ్యంగా ధ్వనిని విడదీసి అక్షరంతో ముడివేయడంలో ఉంది. లెక్కల దగ్గర వచ్చే ఇలాంటి చిక్కును డిస్కాల్క్యులియా అని, రాతలో వచ్చేదాన్ని డిస్‌గ్రాఫియా అని అంటున్నారు.

ఇది మగపిల్లలకే ఎక్కువ అనే మాట కూడా పూర్తిగా నిలవలేదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో శాలీ షేవిట్జ్ బృందం 1990లో ప్రచురించిన పరిశోధనలో, పరీక్షించి చూస్తే ఆడ, మగ పిల్లల మధ్య పెద్ద తేడా లేదు. బడులు పంపిన జాబితాల్లో మాత్రం మగపిల్లలే ఎక్కువ. గోల చేసేవాడు టీచరు కంట్లో పడతాడు. వెనక బెంచీలో నోరెత్తకుండా కూర్చున్న అమ్మాయి పడదు.

2001లో సైన్స్ పత్రికలో వచ్చిన ఇంకో పరిశోధన నాకు తెలుగు గురించి ఆలోచన పెట్టింది. డిస్లెక్సియా ఉన్న ఇంగ్లీష్, ఫ్రెంచ్, ఇటాలియన్ వాళ్ళను పోల్చారు. మెదడులో కనిపించిన తేడా మూడు భాషలవాళ్ళలోనూ ఒకటే. చదవడంలో మాత్రం, పలికినట్టే రాసే భాష కావడంతో ఇటాలియన్లు తప్పులు తక్కువ చేశారు. మనదీ పలికినట్టే రాసే లిపి. అందుకే తెలుగులో ఈ ఇబ్బంది తప్పుల రూపంలో కంటే, కూడబలుక్కుని నెమ్మదిగా చదవడంలో ఎక్కువ బయటపడొచ్చని నా అనుమానం. నెమ్మదిగా చదివేవాణ్ణి బద్ధకస్తుడని అనేస్తాం కదా.

అయితే మన లిపికి వేరే బరువుంది. ఇంగ్లీష్ పిల్లవాడికి 26 అక్షరాలు. మనకు అచ్చులు, హల్లులు, ప్రతి హల్లుకూ గుణింతం, ఆ పైన వత్తులు. తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం, ఓత్వం ఒక్కోటి ఒక్కో చోట అతుక్కుంటాయి. ప, వ, ఫ, ష చిన్న చిన్న గీతల తేడాతో వేరవుతాయి. కన్నడ పిల్లలపై సొనాలీ నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధన ప్రకారం ఈ అక్షరాలన్నీ పూర్తిగా పట్టుబడడానికి ప్రాథమిక తరగతుల్లో ఏళ్ళు పడుతుంది. కన్నడ లిపి మనదానికి తోబుట్టువు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో దుగ్గిరాల వసంత తెలుగు పిల్లల చదువు, ధ్వనుల మీద పనిచేశారు. ఇలాంటి పని ఇంకా చాలా జరగాలి. ఎక్కడ సహజమైన ఆలస్యం ఆగి, ఎక్కడ ఇబ్బంది మొదలవుతుందో తెలియాలంటే ముందు మామూలు తెలుగు పిల్లవాడు ఏ వయసుకు ఏది చదువుతాడో తెలియాలి.

మన దేశంలో ఈ చైతన్యం నగరాల్లో, ఇంగ్లీష్ మీడియం బడుల్లో మొదలైంది. 1990లలో చెన్నైలో, ముంబైలో తల్లిదండ్రులూ టీచర్లూ కలిసి డిస్లెక్సియా సంఘాలు పెట్టుకున్నారు. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉన్నాయి, ఇది లేదు. 1984 నుంచి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో జాతీయ సంస్థ ఉన్నా, అది ఏర్పడింది మేధోపరమైన వైకల్యం ఉన్న పిల్లల కోసం. మన పిల్లవాడు ఆ జాబితాలోకీ రాడు, మామూలు తరగతిలోనూ నిలవడు. 2007లో వచ్చిన ఒక హిందీ సినిమా డిస్లెక్సియా అనే మాటను ఇంటింటికీ చేర్చింది. దానితోపాటే, ఇలాంటి పిల్లలందరిలో ఏదో గొప్ప కళ దాగి ఉంటుందనే నమ్మకమూ చేరింది. ఉండొచ్చు, లేకపోవచ్చు. బొమ్మలు వేయడం రాని పిల్లవాడికి కూడా చదువు నేర్పాల్సిందే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాల జాబితాలో ఈ ఇబ్బందిని చేర్చింది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లోకి వచ్చింది. వీలైనంత తొందరగా గుర్తించి తగిన బోధన అందించాలని 16వ సెక్షన్ చెబుతుంది. పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో, మూడో భాషల నుంచి మినహాయింపు 17వ సెక్షన్‌లో ఉన్నాయి. కాగితం మీది హక్కు పరీక్ష హాల్లో దొరుకుతుందా అనేది వేరే సంగతి. డిస్‌గ్రాఫియా ఉన్న ఒక అమ్మాయికి నీట్‌లో రావాల్సిన అదనపు గంట ఇవ్వలేదు. అది ఆమె హక్కని 2021 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, పరీక్ష మళ్ళీ పెట్టమని మాత్రం అనలేదు.

ఆ రెండో, మూడో భాషల మినహాయింపు దగ్గరే నాకు మనసు ఒప్పదు. ఇంగ్లీష్ మీడియంలో చదివే తెలుగు పిల్లవాడికి రెండో భాష అంటే చాలాసార్లు తెలుగే. సాయం పేరుతో మొదట వదులుకునేది అమ్మ మాట్లాడే భాష రాతను. ఆ పిల్లవాడికి ఆ ఏడాది టెన్షన్ తగ్గుతుంది, నిజమే, ఏ తల్లి అయినా సంతకం పెడుతుంది. కానీ పలికినట్టే రాసే లిపిని వదిలేసి, పలుకు ఒకటి, రాత ఒకటి ఉండే ఇంగ్లీష్‌తో అతన్ని ఒంటరిగా కుస్తీ పట్టమంటున్నాం. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లోనూ ఒకటో తరగతి నుంచే ఇంగ్లీష్ మీడియం వచ్చింది. ఇంట్లో ఆ భాష వినపడని పిల్లవాడు చదవలేకపోతే, అది భాష కొత్త కావడం వల్లా, డిస్లెక్సియా వల్లా అని ఎలా తేలుస్తాం?

తేల్చే సాధనం అతని భాషలో ఉండాలి. 2018 జనవరి నాటి కేంద్ర మార్గదర్శకాలు బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ పరీక్షల్ని ప్రమాణంగా పెట్టాయి. వాటిలో చదివించే భాగాలు మొదట ఇంగ్లీష్‌లో తయారైనవి. ఐక్యూ 85 దాటితేనే ఆ పరీక్ష పెట్టమన్నాయి. బినే నాటి అంకె అక్కడా తలుపు దగ్గరే నిలబడింది. 2015లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం భారతీయ భాషల కోసం ‘డాలి’ అనే సాధనాన్ని తెచ్చింది. హిందీ, మరాఠీ, కన్నడ, ఇంగ్లీష్‌లలో మొదలైన ఆ తొలి జాబితాలో తెలుగు లేదు.

బడిలో తొలి వడపోత మూడో తరగతిలో గానీ ఎనిమిదేళ్ళకు గానీ, ఏది ముందైతే అప్పుడు జరగాలని ఆ 2018 మార్గదర్శకాలు చెప్పాయి. సర్టిఫికెట్ ఎనిమిదేళ్ళు నిండాకే అన్నాయి. ఒకటో తరగతి నుంచి అక్కడిదాకా పిల్లవాడి చేతిలో ఉండేది పలక, ఎదురుగా ఉండేది టీచరు. గుణింతం దగ్గర తడబడుతున్నాడా, వత్తు దగ్గరా, లేక చూడకుండా ఒప్పజెబుతున్నాడా అన్నది ఆ రెండేళ్ళలో ఆ టీచరుకే తెలుస్తుంది. మాట మధ్యలో వేలు పెట్టి అడిగిన మా మాస్టారికి అది తెలిసింది. ఆ తర్వాత ఏం చేయాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు.