డబ్బా బిగుతుగా ఉంటే ఆహారం పాడవదా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఆహార పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తానని తెలియగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఏ డబ్బాలు కొనమంటారు?" ఆ వెంటనే ప్లాస్టిక్ మంచిదా కాదా అన్న చర్చ. వండినది డబ్బాలోకి చేరేలోపు ఎంతసేపు బయట ఉంది, ఫ్రిజ్‌లో చల్లబడటానికి ఎంత సమయం పట్టింది అని మాత్రం ఎవరూ అడగరు. మా దగ్గరికి వచ్చే తంటాల్లో చాలా వాటికి మూలం అక్కడే ఉంటుంది.

అపోహ: మూత గట్టిగా బిగిస్తే వండినది పాడవదు.

వాస్తవం: బిగుతైన మూత తేమనూ వాసననూ ఆపుతుంది. పొడి సరుకులకు అంతకు మించింది లేదు. వండిన ఆహారం సంగతి వేరు. బాసిల్లస్ సీరియస్, క్లాస్ట్రీడియం పర్ఫ్రింజెన్స్ అనే బాక్టీరియాల సిద్ధబీజాలు (గట్టి పొర కట్టుకుని నిద్రాణంగా ఉండే రూపాలు) మరిగించినా చావకుండా మిగిలిపోగలవు. గిన్నెలోనే ఉండి, వేడి తగ్గుతుండగా మొలకెత్తుతాయి. పర్ఫ్రింజెన్స్‌కు గాలితో పనే లేదు. 43 నుంచి 47 డిగ్రీల సెల్సియస్ మధ్య దాని సంఖ్య దాదాపు పది నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. మీరు బిగించిన మూత దాన్ని ఏమీ చేయదు.

"తినేముందు మళ్లీ మరిగిస్తాం కదా" అంటారు. బాసిల్లస్ సీరియస్ అన్నం వంటి పిండిపదార్థాల్లో వదిలే, వాంతులు కలిగించే విషం 121 డిగ్రీల వేడికి కూడా చెక్కుచెదరదు. బాక్టీరియా చచ్చినా విషం ఉంటుంది. వాసనలోగానీ రుచిలోగానీ తేడా తెలియకపోవచ్చు.

కాబట్టి డబ్బా కొనేటప్పుడు ముందు చూడవలసింది లోతు. లోపల పదార్థం ఎత్తు 5 సెంటీమీటర్లు దాటకుండా పట్టే వెడల్పాటి డబ్బాలు తీసుకోండి. చిక్కటి పదార్థం మందం రెట్టింపైతే నడిమధ్య చల్లబడటానికి సుమారు నాలుగింతల సమయం పడుతుంది. ఓసారి బంధువుల ఇంట్లో, మధ్యాహ్నం ఫ్రిజ్‌లో పెట్టిన పొడవాటి సూపు డబ్బాను సాయంత్రం బయటికి తీశారు. సంచిలో థర్మామీటర్ ఉంది, ఊరుకోలేక సూది దించాను. అంచు దగ్గర 9 డిగ్రీలు, నడుమ 31. "పట్టుకుని చూడు, ఎంత చల్లగా ఉందో" అన్నారు బావగారు. నిజమే, డబ్బా చల్లగానే ఉంది!

అమెరికా ఫుడ్ కోడ్ హోటళ్లకు పెట్టిన నియమం చూడండి: వండినది 57 డిగ్రీల నుంచి 21కి రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కి మరో నాలుగు గంటల్లో దిగాలి. ఇంట్లో ఇంత లెక్క అక్కర్లేదు. రెండు గంటల్లోపు, చిన్న చిన్న వెడల్పాటి డబ్బాల్లోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. పూర్తిగా చల్లారేదాకా మూత కాస్త వదులుగా ఉంచండి. వేడి వస్తువు పెడితే ఫ్రిజ్ చెడిపోతుందనే మాట పట్టుకుని రాత్రంతా గట్టు మీద వదిలేసేవాళ్లను చూస్తే నాకు విసుగొస్తుంది. పెద్ద గిన్నె పొగలు కక్కుతుండగా అలాగే తోసేస్తే పక్కనున్నవి వేడెక్కుతాయి, అంతవరకు నిజం. అందుకే పంచి పెట్టమనేది.

పచ్చి వెల్లుల్లిని నూనెలో ముంచి, సీసా బిగించి బయట ఉంచే అలవాటుంటే ఈ రోజే మానుకోండి. గాలి లేని ఆ నూనె అడుగున బొటులినం విషం తయారయ్యే వీలుంది.

అపోహ: ప్లాస్టిక్ డబ్బా అడుగున 5 అంకె ఉంటే మంచి ప్లాస్టిక్, 7 ఉంటే విషం.

వాస్తవం: ఆ అంకెలు 1988లో వచ్చింది రీసైక్లింగ్‌లో ప్లాస్టిక్ రకాలను వేరు చేయడానికి. 5 అంటే పాలీప్రొపిలీన్. 7 అంటే "ఇతరాలు", అందులో ఏదైనా ఉండవచ్చు. ఎవరో పంపిన సందేశం చదివి ఒక తల్లి రాత్రివేళ ఫోన్ చేసింది. "ఇన్నాళ్లూ పాపకు విషం పెట్టానా అండీ?" గొంతు వణుకుతోంది. లేదమ్మా, అలాంటిదేమీ లేదు అని చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఇలాంటి సందేశాలు పంపేవాళ్లకు ఆ గొంతు వినిపించాలి. ఆహారం కోసమే తయారైన డబ్బా అయితే చాలు, గీతలు పడి మసకబారితే మార్చేయండి. అందులో వేడి చేయకుండా గాజులోకో పింగాణీలోకో మార్చుకుంటే ఇంకా మంచిది. మైక్రోవేవ్ గుర్తు ప్రధానంగా చెప్పేది డబ్బా కరగదు, వంగదు అని. ప్లాస్టిక్‌లోంచి ఆహారంలోకి ఏదీ దిగదని దానికి అర్థం కాదు.

మిగతావి క్లుప్తంగా. గాజు అంతా ఒకటి కాదు. బోరోసిలికేట్ అనే గాజు రకం తట్టుకునే వేడి తేడాను మామూలు గాజు తట్టుకోదు, ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా ఓవెన్‌లో పెడితే పగలవచ్చు. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, డబ్బా నిండా పోయకండి. పులుపున్నవి అల్యూమినియంలో నిల్వ ఉంచవద్దు. బిగుతైన డబ్బాలో పురుగు ఎలా వచ్చిందంటారా? గుడ్లు గింజతోపాటే వచ్చి ఉంటాయి, డబ్బాను తిట్టి లాభం లేదు.

ఇక మూతలోని సిలికాన్ రింగు. టూత్‌పిక్‌తో పైకి లేపి కింది గాడిని చూడండి. నల్లటి గీత కనిపిస్తే అది చాలావరకు బూజే. రింగును విడిగా కడిగి, బాగా ఆరాకే తిరిగి అమర్చండి. రింగు ఊడిరాని మూత ఉన్న డబ్బా ఎంత అందంగా ఉన్నా కొనకండి.