సొరంగంలో ఆగిన రైలు: సబ్‌వేపై అపోహలు – వాస్తవాలు

మెట్రో కంట్రోల్ రూమ్‌లో పనిచేసే మాకు ఇంటర్‌కామ్‌లో పదేపదే వినబడే ప్రశ్న ఒకటుంది: "రైలు కదలడం లేదు, తలుపు తెరుచుకుని దిగిపోమంటారా?" దిగవద్దు. మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ప్రాణాల మీదికి తెచ్చే ఈ ఒక్కటీ ఒక ఎత్తు.

అపోహ: సొరంగంలో రైలు ఆగిందంటే ప్రమాదమే; పట్టాల వెంట నడిచి బయటపడటం మేలు.

వాస్తవం: ప్రమాదం జరగకూడదనే రైలు ఆగుతుంది. ఉదాహరణకు స్కాట్లండ్‌లోని గ్లాస్గో నగరపు సబ్‌వేను, అంటే భూగర్భ మెట్రోను చూడండి. 15 స్టేషన్లు, 10.5 కిలోమీటర్ల వలయం ఉన్న అది 1896 డిసెంబరు 14న మొదలైంది. ఆనాడు ఆ నగరంలోని స్కాట్లండ్ స్ట్రీట్ అనే వీధిలో ఉన్న ఆవిరి యంత్రాలు ఒక ఉక్కు తాడును నిర్విరామంగా తిప్పేవి. బండి ఆ తాడును పట్టుకుంటే కదిలేది, వదిలి బ్రేకు వేస్తే ఆగేది. తొలిరోజే సొరంగంలో రెండు బండ్లు ఢీకొని కొందరు గాయపడటంతో సర్వీసు నిలిపివేశారు. మళ్లీ మొదలైంది మరుసటి జనవరిలోనే. 1935లో కరెంటు రైళ్లు వచ్చాయి. ముందు రైలు ఖాళీ చేయని సెక్షన్‌లోకి (పట్టాల భాగంలోకి) వెనక రైలును రానివ్వకపోవడమే నేటి సిగ్నలింగ్ చేసే మొదటి పని. ట్రాక్ సర్క్యూట్ ఉన్నచోట పట్టాలలోని స్వల్ప విద్యుత్తును రైలు చక్రాలు షార్టు చేయగానే ఆ సెక్షన్‌లో రైలు ఉన్నట్లు తెలుస్తుంది. తీగ తెగినా, సరఫరా పోయినా కూడా అది "రైలు ఉంది" అనే చూపుతుంది కనుక, లోపం ఏదైనా దాని ఫలితం ఆగడమే అవుతుంది.

ఇక దిగడం సంగతి. పట్టాల పక్కన రైలుకు కరెంటు అందించే మూడో పట్టా ఉంటుంది. అందులో గ్లాస్గోలోనైతే 600 వోల్టుల డీసీ, మరెన్నో నగరాలలో 750 వోల్టులు. రైలు ఆగినా, బోగీలో లైట్లు ఆరినా అందులో కరెంటు లేదని అర్థం కాదు. పైగా గ్లాస్గో సొరంగం వ్యాసం 11 అడుగులే; రైలుకూ గోడకూ మధ్య నడవడానికి చోటుండదు. తప్పనిసరై దించవలసి వస్తే కరెంటు తీసి, రైలు చివరనున్న తలుపు గుండా, సిబ్బంది వెంట ఉండి దించుతారు. ఎవరైనా సొంతంగా దిగితే సెక్షన్ మొత్తానికి కరెంటు తీయక తప్పదు, ట్రాక్ మీద ఎవరూ లేరని నిర్ధారించుకునేదాకా తిరిగి ఇవ్వడానికీ వీలుండదు. అంతవరకు వెనక రైళ్లన్నీ చీకట్లోనే.

ఊపిరాడదేమోనన్న భయాన్ని నేను తేలికగా తీసుకోను. ఒకసారి చంటిబిడ్డతో ఉన్న ఒక తల్లి ఇంటర్‌కామ్‌లో ఏడుస్తూ, బిడ్డకు గాలి ఆడటం లేదని అన్నారు. వారి రైలు ఆగడానికి కారణం, ముందు రైలు తలుపులో ఎవరిదో సంచి పట్టీ ఇరుక్కోవడం. అన్ని తలుపులూ మూసుకున్నట్లు రుజువైతేగాని రైలుకు మోటారు శక్తి అందదు. డ్రైవరు వెళ్లి పట్టీ లాగేవరకు ఆమెతో మాట్లాడుతూనే ఉన్నాను. సొరంగం మూతపెట్టిన గది కాదు. స్టేషన్లు, గాలి గొట్టాలు, ఫ్యాన్ల ద్వారా గాలి మారుతూనే ఉంటుంది. బోగీలో ఉక్కపోస్తుంది, అది నిజమే. గాలి మాత్రం అయిపోదు. ఈ వదంతులను వీడియోలుగా పంచేవారు ఒక్కసారి ఆ గొంతు విని ఉంటే బాగుండేది.

అపోహ: ఎమర్జెన్సీ హ్యాండిల్ లాగితే రైలు అక్కడికక్కడే ఆగడం మంచిది.

వాస్తవం: చాలా మెట్రోలలో హ్యాండిల్ లాగినా రైలును తర్వాతి స్టేషన్ దాకా తీసుకుపోతారు. వైద్యుడైనా, అగ్నిమాపక సిబ్బంది అయినా చేరుకోగలిగింది అక్కడికే.

అపోహ: ఆటోమేటిక్ రైలును ఎవరూ పట్టించుకోరు.

వాస్తవం: ఫ్రాన్స్‌లోని లిల్ నగరంలో 1983 నుంచి డ్రైవరు లేని రైళ్లు నడుస్తున్నాయి. డ్రైవరు క్యాబిన్‌లో మనిషి లేకపోవచ్చు, కంట్రోల్ రూమ్‌లో మాత్రం ఉంటాడు.

అపోహ: చిన్న సబ్‌వేను నడపడం సులువు.

వాస్తవం: పెద్ద వ్యవస్థలో ఒక లైను ఆగితే మరో లైను ఉంటుంది, ఒకే వలయంలో ఆ వెసులుబాటు లేదు. 1977లో ఆధునికీకరణకు మూసేవరకు గ్లాస్గోలో మరమ్మతు చేయవలసిన బోగీలను ఆ నగరంలోని గోవన్ అనే ప్రాంతం వద్ద సొరంగం నుంచి క్రేన్‌తో పైకెత్తేవారు. 1980లో తిరిగి తెరిచాక డిపోకు పట్టాల మీదుగానే వెళ్తున్నాయి. అయినా దారిలో పాడైన రైలును వెనక రైలుతో నెట్టించి తీసేదాకా ఆ సొరంగంలోని మిగతా రైళ్లు ఆగవలసిందే.